వంపు పోయి తిరిగొచ్చిన కోట్‌లు

క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయ పండితుడు అరిస్టార్కస్, హోమర్ కావ్యాల ప్రతుల్లో గమనించదగ్గ పాదాల పక్కన ఈటె మొనలాంటి గుర్తు వేసేవాడు. తర్వాత క్రైస్తవ లేఖకులు బైబిల్ వాక్యాలను వేరుచేసి చూపడానికి దాన్నే వాడుకున్నారు. అచ్చు వచ్చాక ఆ పని కామాకు దక్కింది. ఇంగ్లిష్ ప్రెస్సుల్లో మాట మొదలయ్యే చోట కామా టైపును తలకిందులుగా పేర్చేవారు, ముగిసే చోట అపాస్ట్రఫీలు పెట్టేవారు. మన బడుల్లో ఇన్వర్టెడ్ కామాలని నేర్పేది వీటినే.

కోట్‌లకున్న ఈ కామా వంపును పోగొట్టింది టైప్‌రైటర్. మీటలు తక్కువ కాబట్టి మొదలుకీ ముగింపుకీ కలిపి ఒకే నిటారు గుర్తు మిగిలింది. మీటల కరువు ఎంతటిదంటే, చాలా యంత్రాల మీద ఆశ్చర్యార్థకం కావాలంటే అపాస్ట్రఫీ కొట్టి, వెనక్కి జరిపి, కింద చుక్క పెట్టాల్సిందే.

కంప్యూటర్ కూడా ఆ పేదరికాన్నే వారసత్వంగా తెచ్చుకుంది. 1963లో వచ్చిన, గుర్తులకు అంకెలిచ్చే ఆస్కీ పట్టికలో ఉన్నవి 128 స్థానాలే. జంట కోట్‌కు 34, ఒంటి కోట్‌కు 39 దక్కాయి. వంపు కోట్‌లకు చోటే లేదు. పుస్తకపు అందం మీద పట్టుదల ఉన్న డొనాల్డ్ నూత్ 1978లో పుస్తకాల పేజీలు పేర్చే టెక్ ప్రోగ్రామును రూపొందించినప్పుడు ఒక దారి కనిపెట్టారు: వెనక్కి వాలిన గీతల్లాంటి రెండు గ్రేవ్ గుర్తులతో (`) మొదలుపెట్టి రెండు అపాస్ట్రఫీలతో ముగిస్తే, కాగితం మీద చక్కటి వంపు కోట్‌లు పడతాయి.

తర్వాత మెకింటాష్, విండోస్ వంపు కోట్‌లకు చోటిచ్చాయి గానీ, ఎవరి అంకెలు వారివే. జంట కోట్‌లకు మెకింటాష్‌లో 210, 211. విండోస్‌లో 147, 148. మెకింటాష్‌లో రాసిన ఫైలును అలాగే విండోస్‌లో తెరిస్తే కోట్‌ల స్థానంలో నెత్తిన గీతలున్న ‘ఓ’లు కనిపించేవి. అసలు తగాదా ఆకారం గురించి కాదు, ఏ అంకె ఏ గుర్తుదన్న ఒప్పందం గురించి. తెలుగు డీటీపీకి ఇది బాగా తెలిసిన బాధ. పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చాయి. ఆ ఫాంట్ లేని యంత్రంలో పేజీ మొత్తం ఇంగ్లిష్ గజిబిజిగా మారేది.

ఒప్పందం 1991లో, ఒక్కో గుర్తుకు ఒక్కో అంకె ఇచ్చే యూనికోడ్‌తో కుదిరింది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలోని ఒక డైనర్‌లో, టేబుల్ మీద పరిచే కాగితంపై, ఆ అంకెలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 నమూనా గీశారు. అందులో వంపు కోట్‌కు మూడు బైట్లు, తెలుగు అక్షరానికీ మూడే. ఎడిటర్ ప్రోగ్రాము ఆ మూడింటినీ పాత విండోస్ పట్టికతో విడివిడిగా చదివితే, టోపీ పెట్టిన ‘ఎ’, యూరో గుర్తు, ఇంకేదో వరసగా వచ్చి నిలబడతాయి. ఫైలు చెడిపోలేదు, దాన్ని యూటీఎఫ్-8గా తెరవమని ఎడిటర్‌కు చెబితే కోట్‌లు తిరిగొస్తాయి.

యూనికోడ్ వచ్చాక కూడా గ్నూ ప్రాజెక్టు వారి ఈమాక్స్ ఎడిటర్ చాలాకాలం తన సహాయ పాఠాల్లో గ్రేవ్, అపాస్ట్రఫీ జంటనే చూపించింది. పాత తెరల మీద ఆ రెండూ ఎదురెదురుగా వంగి ముచ్చటగానే ఉండేవి. కొత్త ఫాంట్లలో అపాస్ట్రఫీ నిటారుగా నిలబడేసరికి జంట కుదరలేదు. 2016లో వచ్చిన 25.1 రూపంలో, తెరకు శక్తి ఉంటే వంపు కోట్‌లను, లేకుంటే పాత జంటను చూపే ఏర్పాటు చేశారు. ప్రోగ్రాముల్లో మాత్రం టైప్‌రైటర్ నాటి నిటారు గుర్తుదే నేటికీ రాజ్యం: పైథాన్ కోడ్‌లో దాని బదులు వంపు కోట్ పెడితే ఆ వరుస దగ్గరే తప్పు చూపించి ఆగిపోతుంది.