మారణహోమంలో మనిషి లెక్క

నాజీల యూదు మారణహోమం మీద సాహిత్యం యుద్ధం ముగిశాక పుట్టలేదు. 1940లోనే వార్సా ఘెట్టోలో చరిత్రకారుడు ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ రహస్యంగా ఒక బృందాన్ని కూడగట్టాడు. డైరీలు, కవితలతో పాటు రేషన్ కార్డులు, ట్రామ్ టికెట్లు కూడా పోగుచేసి, రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి పాతిపెట్టారు. రింగెల్‌బ్లూమ్‌ను 1944లో చంపేశారు. పెట్టెలు 1946లో, క్యాన్లు 1950లో బయటపడ్డాయి. సాటి యూదులను రైళ్ల దగ్గరికి తోలిన ఘెట్టో పోలీసుల మీద కోపాన్ని కూడా ఆ రాతలు దాచలేదు. అంత నిజాయితీ తర్వాతి కళలో అన్నిచోట్లా కనిపించదు.

టెరెజీన్ ఘెట్టోలో చిత్రకారిణి ఫ్రీడ్ల్ డిక్కర్-బ్రాండైస్ పిల్లలకు బొమ్మలు నేర్పింది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించారు. రెండు సూట్‌కేసుల్లో దాచిన సుమారు 4,500 బొమ్మలు మిగిలాయి. వేసిన పిల్లల్లో చాలామంది మిగల్లేదు.

బతికొచ్చినవాళ్ల మాట వినే ఓపిక లోకానికి వెంటనే రాలేదు. ప్రీమో లెవీ ఆష్విట్జ్ జ్ఞాపకాలను పేరున్న ప్రచురణ సంస్థ ఎయినౌడి వద్దంది. 1947లో ఒక చిన్న సంస్థ వాటిని అచ్చువేసింది. 1958లో ఎయినౌడే మళ్లీ వేసుకుంది. అందులో లొరెంజో అనే తాపీమేస్త్రి ఉంటాడు. ఆరు నెలలు రోజూ తన తిండిలో కొంత లెవీకి తెచ్చిపెట్టాడు. ఆ మంచితనాన్ని లెవీ మనసారా తలచుకుంటాడు, కానీ దాంతో శిబిరం నరకాన్ని తేలిక చేయడు.

పోలిష్ రచయిత టడేయుష్ బొరోవ్స్కీ ఇంకా కఠినుడు. ఆయన కథలో ఖైదీలే రైళ్ల నుంచి జనాన్ని దింపుతారు, చావబోయేవాళ్లు తెచ్చుకున్న తిండి తింటారు. బాధితుడికీ హంతకుడికీ మధ్య గీత మసకబారే చోటును లెవీ 1986లో ‘బూడిదరంగు మండలం’ అని చర్చించాడు. అది ఇలాంటిదే.

ఆ ఏడాదే ఆర్ట్ స్పీగల్‌మన్ బొమ్మల కథ ‘మౌస్’ మొదటి భాగం పుస్తకంగా వచ్చింది. యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు. అసలు సాహసం రచయిత సొంత తండ్రి చిత్రణలో ఉంది. ఆష్విట్జ్ నుంచి బతికొచ్చిన ఆ పెద్దాయన పిసినారి. రెండో భాగంలో నల్లజాతి మనిషిని కారెక్కించుకున్నందుకు కోడలి మీద చిందులేస్తాడు. బాధలు పడ్డవాడు మహాత్ముడై తీరాలన్న మన కోరికను కొడుకు లెక్కచేయలేదు.

సినిమా ఎక్కువమందిని చేరింది. ‘షిండ్లర్స్ లిస్ట్’ (1993) వెయ్యి మందికి పైగా బతికిన కథ. చనిపోయినవాళ్లు సుమారు 60 లక్షలు. జొనాథన్ గ్లేజర్ 2023 సినిమా ఆష్విట్జ్ కమాండెంట్ ఇంట్లోనే నిలబడుతుంది. తోట, పిల్లల ఆటలు, గోడ అవతలి నుంచి కేకలు. నా దృష్టిలో రింగెల్‌బ్లూమ్ నిజాయితీకి దగ్గరైంది ఇదే. ‘షిండ్లర్స్ లిస్ట్’ దగ్గరే ఆగిపోయినవాళ్లు ఇకనైనా బొరోవ్స్కీ కథలు చదవాలి.