ఒక్క దినం

ఎమ్మిగనూరు. తెల్లారి ఐదు. వేరే రోజైతే ఈపాటికి వీధంతా మగ్గాల చప్పుడు. ఈ పొద్దు చీపుర్ల చప్పుడే. 2025 మార్చి 30, ఆదివారం. విశ్వావసు ఉగాది.

మామ గుంట మగ్గాన్ని తుడిచి కుంకుమ బొట్లు పెడుతున్నాడు. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సంఘంలో వాళ్ల నాయనా సభ్యుడే. మగ్గంతో పాటు బీడీ కూడా ఆయన దగ్గర్నుంచే వచ్చిందంటుంది అత్త.

పండగనాడు ఏం చేస్తే ఏడాదంతా అదేనంట. అందుకే ఈ పొద్దు అత్త పిల్లల్ని తిట్టదు, ఎవరూ అప్పడగరు. మామ ఆ మాటనే తనకు అనువుగా తిప్పుకున్నాడు. ఏడాది బీడీ మానడం చేతకాదు, ఒక్క దినం మానితే మిగతాది పండగే చూసుకుంటుంది! మొన్న శ్రీశైలం నడిచిపోయే కన్నడ భక్తులకు మజ్జిగ పోస్తుంటే, మరగాళ్ల మీద వచ్చాడంట ఒక పిల్లోడు. గుడ్డతో కట్టెలకు బిగించిన కాళ్లు. ఆ రాత్రే మామ అన్నాడు, "నేనొక్క దినం ఉండలేనా?" అని.

అత్తది బళ్లారి వైపు. పచ్చడి కాదు, బేవు బెల్లం పెట్టింది. పది గంటల దాకా బాగానే ఉన్నాడు. ఓళిగలు, నెయ్యి, కడుపు నిండింది. చెయ్యి దానంతటదే కొత్త చొక్కా జేబులోకి పోయింది. ఖాళీ. అత్త అటు తిరిగి నవ్వుకుంటోంది.

సాయంత్రం బండి మీద ఆదోని. జామియా మసీదు దగ్గర జనమంతా పడమటికే చూస్తున్నారు. పత్తి యార్డులో మూటలు మోసే భాయ్, మామ చిన్ననాటి దోస్తు, ఖర్జూరం చేతిలో పెట్టాడు.

"29 దినాలు ఎట్లుండినావప్పా?"

"పగలు ఉండినా. రాత్రి లెక్క ఎవరడుగుతారు?"

అంతలో కేక. మిద్దెల మీద సన్నని గీత. రేపే రంజాన్. పిల్లలు గంతులేస్తున్నారు. మామ చూపు చందమామ మీద లేదు, భాయ్ వేళ్ల మధ్య బీడీ మీద ఉంది.

"తీసుకో. మా లెక్కలో పొద్దు గుంకితే దినం అయిపోయినట్టే."

మామ బీడీ తీసుకున్నాడు. వాసన చూశాడు.

"మాది పొద్దు పొడిచే దాకా, భాయ్," అని చెవి మీద పెట్టుకున్నాడు.