గోదారి పాతేసిన డబ్బా

చెప్పులు విప్పి చేత్తో పట్టుకోండి. కోటిపల్లి రేవులో ఆఖరి రెండు మెట్లూ పాకుడు పట్టి ఉన్నాయి, జారితే ఈ పూట ప్రయాణం ఇక్కడితో సరి. మాఘమాసపు మంచు ఇంకా విడలేదు. అవతలి ముక్తేశ్వరం గట్టు కనబడటం లేదు. రైలు వంతెన స్తంభాలు మాత్రం నడుందాకా మంచులో మునిగి వరసగా నిలబడి ఉన్నాయి. పంటు మీదికి మోటారు సైకిళ్లు ఎక్కిస్తున్నారు. ఒకాయన మేకను కూడా ఎక్కించాడు. అది ఊరి పెద్దలా మధ్యలో నిలబడి అందరినీ చూస్తోంది.

మనం ఎక్కాల్సింది పంటు కాదు, దాని వెనక కట్టేసి ఉన్న ఇంజను పడవ. మధ్య చెక్క మీద కూర్చోండి. చేతులు అంచు బయట పెట్టకండి. ఆ మాట నాది కాదు, సరంగుది. అరవై దాటిన మనిషి, చెవి మీద బీడీ, మెడలో తువ్వాలు. ఇంజనుకి తాడు చుట్టి రెండుసార్లు లాగాడు, మూడోసారికి అది దగ్గి అందుకుంది. డీజిలు వాసన, తడి తాడు వాసన, నా సంచిలో అరటాకు కింద వేడిగా ఉన్న ఇడ్లీల వాసన అన్నీ ఒకటయ్యాయి.

"ఇంతకీ ఆ లంకలో ఏం దాచారండీ?"

"డబ్బా, బాబాయ్."

"డబ్బాలో?"

"నోటు పుస్తకం, పెన్సిలు, పుష్కరాలప్పుడు కొన్న చిన్న రాగి చెంబు, ఒక ఏటికొప్పాక బొమ్మ."

ఆయన ఇంజను మోత తగ్గించి మరీ నా మొహంలోకి చూశాడు. "ఆయ్! నేనింకా లంకెబిందెలు అనుకున్నానండి."

ఆయన అలా అనుకోవడంలో తప్పులేదు. దాచిన సొత్తు అంటే మనకి తెలిసింది అదే. రెండు బిందెలు, గొలుసు, పైన పడగ విప్పిన పాము. ఈ ఆట వేరు. దాచినవాడే చోటు ఎక్కడో అంకెలతో సహా లోకానికంతటికీ చెప్పేస్తాడు. రమ్మంటాడు. వచ్చినవాడు డబ్బా తెరిచి, పుస్తకంలో పేరు రాసి, ఏదైనా తీసుకుంటే దానికి బదులు ఇంకోటి పెట్టి, మళ్లీ ఉన్నచోటే ఉంచి వెళ్లాలి. దీన్ని జియోకాషింగ్ అంటారు. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపే తప్పును ఆపేసింది. అంతవరకూ మామూలు జనం చేతిలోని జీపీఎస్ వంద మీటర్ల దాకా అటూ ఇటూ చూపించేది. ఆ మర్నాడే ఆరెగాన్‌లో డేవ్ ఉల్మర్ అనే ఆయన అడవి పక్కన ఒక నల్ల బక్కెట్టు దాచి, అంకెలు ప్రకటించాడు. అందులో పుస్తకాలు, ఒక ఉండేలు, ఒక చిక్కుడు గింజల డబ్బా కూడా ఉన్నాయి. మూడు రోజులు తిరక్కుండా ఇద్దరు వచ్చి చూసి వెళ్లారు.

నా డబ్బాకి ఏళ్లు గడిచినా ఒక్కరూ రాలేదు. 2015 జులై పుష్కరాల జనం వెళ్లిపోయి, గోదారి తేటపడి, ఆ వచ్చే సంక్రాంతికి ఇసుక తిన్నెలు బయటపడ్డాక తెచ్చి పెట్టాను. ఎంత ఉత్సాహం! కోరింగ మడ అడవిలో అయితే బాగుంటుందనుకున్నాను గానీ అది అభయారణ్యం, అనుమతి లేకుండా అక్కడ ఏదీ వదిలి రాకూడదు. అందుకని ఈ లంక. పేరు చెప్పను. చెప్పినా ఇప్పుడు లాభం లేదు, ఎందుకో కాసేపట్లో మీరే చూస్తారు.

మంచు పలచబడింది. కుడివైపు చూడండి, లంక మీద కూరపాదులు, వాటి మధ్యలో మోటారు షెడ్డు, ఆ వెనక రెల్లు. పూత ఎప్పుడో రాలిపోయి గడ్డి గోధుమ రంగుకి తిరిగింది. ఒక ఆడమనిషి వంగి బీరకాయలు కోసి గంపలో వేస్తూ, ఇంజను చప్పుడుకి తలెత్తి చూసి మళ్లీ వంగింది. నీళ్లు ఆకుపచ్చగా, కదలిక తెలియకుండా ఉన్నాయి. ఎటు పారుతున్నాయో చెప్పండి చూద్దాం. సముద్రం వైపు అంటారు. నీళ్ల మీద తేలుతున్న ఆ గుర్రపుడెక్క మొక్కను చూడండి, మనకి ఎదురొస్తోంది. "పోటు ఎక్కుతోందండి" అన్నాడు సరంగు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే నీళ్లు ఈ నెలల్లో తక్కువ. ఆ ఖాళీ చూసుకుని సముద్రం రోజుకి రెండుసార్లు ఈ గౌతమి పాయలోకి చేయి చాపుతుంది.

పడవను గట్టు దగ్గరికి పోనిచ్చాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం.

గట్టు నిలువునా కోసిన పెసరట్టు అంచులా ఉంది. మనిషిన్నర ఎత్తు. పైన గడ్డివేళ్లు జడలు జడలుగా వేలాడుతున్నాయి. వాటి కింద జానెడు మందాన నల్లటి ఒండ్రు, దాని కింద బెత్తెడు తెల్ల ఇసుక, మళ్లీ ఒండ్రు, మళ్లీ ఇసుక. ఇసుక పొరలో ఒక రబ్బరు చెప్పు మడమ సగం బయటికి వచ్చి ఉంది. చెయ్యి పెట్టి తడమండి, ఒండ్రు వెన్నలా జారుతుంది, ఇసుక పొడిపొడిగా రాలుతుంది. ఒక్కో పొర ఒక్కో వరద. సరంగు తెడ్డు చివరతో చెప్పు ఉన్న పొరను చూపించాడు. "ఇది ఇరవై రెండుదండి."

2022 జులైలో వచ్చిన నీళ్ల సంగతి ఈ గట్ల మీద ఎవరినడిగినా చెబుతారు. వర్షాకాలం ఇంకా సగం కాకుండానే ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక. అది దాటిందంటే లంకల్లో అరుగుల మీదికి కాదు, ఇళ్లలోకే నీళ్లు. అంతకంటే పెద్దది 1986 ఆగస్టుది, 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. ఆ పొర ఎక్కడ అని అడిగాను. ఆయన తెడ్డును నీళ్లలోకి దించి, ఎక్కడో కిందని చూపించాడు.

పైన ఒక కొబ్బరిచెట్టు, వేళ్లన్నీ గాల్లో, ఏటి మీదికి వాలి ఉంది. దానికింకా కాయలున్నాయి. మనం చూస్తుండగానే పొరల్లోంచి ఎద్దుబండి చక్రమంత ముక్క ఊడి దబ్బున నీళ్లలో పడింది. పడవ ఊగింది. ఇడ్లీల పొట్లం మీ ఒళ్లోకి జారింది, ఏం పర్లేదు, తినండి.

ఫోను తీసి మీ చేతికిస్తాను. బాణం చూపిస్తోంది కదా, పక్కన అంకె. 640 మీటర్లు. ఉత్తరం 16 డిగ్రీల చిల్లర, తూర్పు 82 డిగ్రీల చిల్లర. ఆ చిల్లరలోనే ఉంది కథంతా. నిమిషంలో వెయ్యో వంతు దాకా రాసిపెట్టాను, అంటే సుమారు రెండు మీటర్లు, ఒక నవారు మంచం పొడుగు. అంత కచ్చితంగా చెప్పానని అప్పట్లో గర్వపడ్డాను. తలలేని తాటిమొద్దు, దాని మొదట్లో తొర్ర, తొర్రలో డబ్బా, పైన ఎండు మట్టలు. పాతిపెట్టలేదు. డబ్బాను నేలలో పాతకూడదన్నది ఈ ఆటలో గట్టి నియమం.

410. 300.

ఆ మధ్య ఒక రాత్రి నిద్రపట్టక, ఈ ఆటలో కష్టమైన డబ్బాలన్నీ ఎక్కడున్నాయా అని లెక్కలేశాను. రిచర్డ్ గ్యారియట్ అనే కోటీశ్వరుడు 2002లో రష్యా వాళ్ల మీర్ అనే జలాంతర్గామిలో దిగి, అట్లాంటిక్ అడుగున 2,300 మీటర్ల లోతులో ఒకటి పెట్టాడు. ఆయనే 2008లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు అక్కడా ఒకటి నమోదు చేశాడు. దానికి 2013లో రిక్ మాస్ట్రాకియో అనే వ్యోమగామి అతిథిగా వెళ్లాడు. భూమికి నాలుగొందల కిలోమీటర్ల పైన ఉన్నదానికి చుట్టం వచ్చాడు. కోటిపల్లి రేవుకి కూతవేటు దూరంలో ఉన్నదానికి మాత్రం దిక్కులేదు.

180. 95. లంక కొన దగ్గరపడుతోంది. నేను లేచి నిలబడ్డాను. తాటిమొద్దు కోసం చూస్తున్నాను. గడ్డి ఉంది, నాలుగు తుమ్మ మొక్కలున్నాయి, ఒక కొంగ ఉంది.

"బాబుగారూ, కూర్చోండి" అన్నాడు సరంగు.

60. 40. బాణం లంక వైపు తిరగడం లేదు. ఏటి మధ్యకి చూపిస్తోంది. ఫోనుని తట్టకండి, తట్టినా అంతే. నేను అప్పటికే తట్టాను. 22. 9. ఇంజను ఆపేశాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం. పడవ పక్కలకి నీళ్లు చప్పరించే చప్పుడు, ఎక్కడో పంపుసెట్టు. పోటు మనల్ని మెల్లగా వెనక్కి నెడుతోంది. 4. 2.

సున్నా.

కిందకి చూడండి. ఆకుపచ్చ నీళ్లు, అందులో మీ మొహం, నా మొహం. సరంగు వెదురుగెడ తీసి నిలువుగా దించాడు. ఒక కణుపు, రెండు, మూడు, చేతులు మార్చుకుంటూ దించుతూనే ఉన్నాడు. చివరికి మోచేతులు నీళ్లలో మునిగాక ఆగింది. పైకి లాగాడు, కొనకి బూడిదరంగు బురద. తడిసిన మేర వేళ్లతో లెక్కపెట్టాడు. "రెండు నిలువులు దాటిందండి. ఇక్కడే కదండీ మీ తాటిమొద్దు?"

ఇక్కడే. ఎనిమిదో తొమ్మిదో అడుగులు నడిచి, మట్ట తీసి, తొర్రలోకి చెయ్యి పెట్టిన నేల ఇక్కడే ఉండేది. అంకెలు కదల్లేదు. వాటి కింది నుంచి లంకే కదిలిపోయింది. పాతకూడదన్న నియమం నేను పాటించాను. గోదారికి ఆ నియమం ఎవరూ చెప్పలేదు.

ఇలా మోసపోయినవాళ్లలో నేను మొదటివాణ్నేం కాదు. 1867 జూన్ 19న శాక్రమెంటో అనే అమెరికా యుద్ధనౌక, నెపోలియన్ కాలిన్స్ అనే కెప్టెన్ నడుపుతుండగా, గోదావరి ముఖద్వారం దగ్గర దిబ్బల మీదికెక్కి ముక్కలైపోయింది. మనుషులంతా బతికారు. దేశాలు చుట్టొచ్చిన ఓడకి మన ఒండ్రుదిబ్బ ఎదురొచ్చింది. ఆ పేరుతో ఈ తీరంలో ఇప్పటికీ ఒక లైట్‌హౌస్ ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే మన సప్తసాగర యాత్ర ఉండనే ఉంది. చొల్లంగి అమావాస్యకి మొదలుపెట్టి అంతర్వేది దాకా ఏడు పాయలూ సముద్రంలో కలిసే ఏడు చోట్ల మునగాలి. ఏడింట్లో గౌతమి, వశిష్ఠ తప్ప మిగతావి నది అనడానికి నోరు రాదు. కౌశిక కోనసీమలో పొలాల మధ్య కాలవైపోయింది. సంక్రాంతి ప్రభలు దాన్ని దాటుతుంటే చూడ్డానికి జనం విరగబడతారు గానీ అది గోదావరి పాయ అని ఎందరికి గుర్తు? అయినా యాత్ర చేసేవాళ్లు ఏడు చోట్లా మునిగే వస్తారు. పాయ ఎండిపోయినా చోటు మిగిలింది వాళ్లకి. నాకు చోటు పోయి అంకె మిగిలింది.

"ఆ మట్టి ఎక్కడికి పోయిందో చూస్తారా?" అన్నాడు సరంగు. సమాధానం కోసం ఆగకుండా ఇంజను తీశాడు.

అవతలి వైపు, ఏటి మధ్యలో, కొత్త మేట. తెల్లటి ఇసుక, దాని మీద అప్పుడే మొలిచిన రెల్లు పిలకలు, పిట్టల కాలి గుర్తులు. దిగండి, గట్టిగానే ఉంది. నాలుగడుగులు వేస్తే పాదం చీలమండ దాకా దిగింది, ఒండ్రు చల్లగా వేళ్ల సందుల్లోంచి పైకి వచ్చింది. ఇంకా పచ్చి నేల. నేను అడ్డదిడ్డంగా అరగంట తిరిగాను. దొరికినవి: ఒక బీరు సీసా, వల బద్దె ఒకటి, గుడ్డు పెంకులాగా ఎండిన ఒక పీత, దేవుడి పటం చట్రం. డబ్బా లేదు. ఉండదని తెలిసే వెతికాను. మీరు కూడా వెతికారు, నేను చూశాను.

సరంగు దిగలేదు. ఈలోగా ఆయన తన వల చూసుకున్నాడు. అదెలాగో గమనించారా? నీళ్ల పైకి కర్రగానీ బెండుగానీ ఏమీ లేదు. కనిపిస్తే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారట. పడవను మెల్లగా జరుపుతూ ఒక కన్ను మూసి, ముందు గట్టు మీది గుడి గోపురాన్ని దాని వెనక సెల్ టవరుతో కలిపాడు. తర్వాత తల తిప్పి అటువైపు రెండు తాటిచెట్లు ఒకటయ్యేదాకా ఆగాడు. గెడకి కట్టిన కొక్కెం దించాడు. మొదటిసారికే తాడు తగిలింది. లాగితే వలలో రెండు పీతలు, గుప్పెడు చిన్న చేపలు.

"ఎన్నాళ్లనించి బాబాయ్ ఈ గుర్తు?"

"ఇదా? కొత్తదేనండి. ఇదివరకు మర్రిచెట్టూ, గుడీ ఉండేది గుర్తు. మర్రిచెట్టు కోతకి పోయింది. ఏటా మార్చుకోవాలండి, లేపోతే వల పోద్ది." పీతల కాళ్లకి తాడు చుడుతూ నా సంచి వైపు చూశాడు. "మరి ఆ కొత్తది?"

అవును, కొత్త డబ్బా తెచ్చాను. పాతది పాడై ఉంటే మార్చుదామని. కొత్త పుస్తకం, కొత్త పెన్సిలు, మళ్లీ ఒక లక్కబొమ్మ. ఎక్కడ పెట్టమంటావని ఆయన్నే అడిగాను.

"ఎవరికైనా దొరకాలాండీ, దొరక్కూడదా?"

దొరకాలనే అన్నాను. ఆయన కాసేపు గట్టుని చూశాడు, మేటని చూశాడు, డబ్బాని చేతిలోకి తీసుకుని మూత తెరిచి, బొమ్మని తిప్పి చూసి, మళ్లీ లోపల పెట్టి బిగించాడు. "అయితే నా పడవలో పెట్టండి. పొద్దున్న ఆరుకి రేవులోనే ఉంటాను. అడిగినోళ్లకి ఇస్తాను."

పడవలో పెడితే అంకెలు ఏం రాయాలి? ఆటలో అలాంటి డబ్బా చెల్లదు. ఆ మాట ఆయనతో చెబుదామనుకునేలోపు ఇంజను అందుకుంది. డబ్బా ఆయన కాళ్ల దగ్గర, తాళ్ల చుట్ట మీద, పీతల పక్కన ఊగుతోంది. ఫోను ఇంకా మీ చేతిలోనే ఉంది, పాత అంకెల నుంచి దూరం లెక్కపెడుతూ. 70. 150. 400. ఎండ నెత్తికొచ్చింది. రేవులో పంటు అవతలి గట్టు నుంచి తిరిగి వచ్చేసింది, మేక మాత్రం దిగనని మొరాయిస్తోంది.