స్పోర్ట్స్ సెడాన్లు: పికప్ ఎంత, బ్రేకు ఎంత? చిత్తూరు, తిరుపతి రోడ్లకు ఏ బండి సరిపోతుంది

సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు? పెద్ద ఇంజన్ సెడాన్ మాట రాగానే మన కుర్రాళ్లు ముందు అడిగేది ఇదే. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన తమ్ముడో, బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకో "ఆక్టేవియా ఆర్ఎస్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది, తీసుకుందాం" అంటాడు. ఇంట్లో అబ్బా అడిగేది వేరు: "అందరం ఎక్కి పలమనేరులో షాదీకి పోయి వస్తే ఏం ఇబ్బంది ఉండదు కదా?" రెండూ సరైన ప్రశ్నలే. కంపెనీ కాగితం మాత్రం మొదటిదానికే జవాబు చెబుతుంది.

ముందు ఆ కాగితమే చూద్దాం. స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ మన దేశానికి మొదట వచ్చింది 2004లో. 1.8 లీటర్ల టర్బో ఇంజన్, 150 హార్స్‌పవర్. ఈరోజు మామూలు స్లావియా 1.5 లీటర్ల బండిలోనే అంత పవర్ ఉంది, అది వేరే సంగతి. 2020లో ఆర్ఎస్ 245 పేరుతో 200 బండ్లే తెచ్చారు. 245 హార్స్‌పవర్, 370 ఎన్ఎం టార్క్, వందకు 6.6 సెకన్లు, షోరూమ్ ధర 35.99 లక్షలు. 2025 అక్టోబరులో మళ్లీ వచ్చిన ఆర్ఎస్‌కు 265 హార్స్‌పవర్, 6.4 సెకన్లు. ఈసారి 100 బండ్లే, ధర 49.99 లక్షలు.

దాని పైమెట్టు బీఎండబ్ల్యూ ఎం340ఐ. 2021 మార్చిలో 62.90 లక్షలకు వచ్చింది. ఆరు సిలిండర్ల ఇంజన్, 387 హార్స్‌పవర్, 500 ఎన్ఎం, వందకు 4.4 సెకన్లు. దీన్ని బిగించేది మనకు దగ్గర్లోనే, చెన్నై ప్లాంట్‌లో. అదే నెలలో వచ్చిన ఆడి ఎస్5 స్పోర్ట్‌బ్యాక్‌కు 354 హార్స్‌పవర్, 4.8 సెకన్లు. 2023లో వచ్చిన మెర్సిడెస్ ఏఎంజీ సీ43కి 408 హార్స్‌పవర్, 4.6 సెకన్లు, ధర 98 లక్షలు. బీవైడీ సీల్ కరెంటు బండి. 2024లో 53 లక్షలకు వచ్చిన దాని పెర్ఫార్మెన్స్ మోడల్ 530 హార్స్‌పవర్‌తో 3.8 సెకన్లలో వంద అందుకుంటుంది. ఇంకా పైన సీ63 ఎస్ఈ, ఎం5 లాంటి రెండు కోట్ల బండ్లున్నాయి. ఎక్స్-షోరూమ్ ధరకు లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్స్ అదనం అని మరవకండి.

హార్స్‌పవర్ పెరిగితే వేగం పెరుగుతుందనుకుంటాం. ఎం5 చూడండి. పాత ఎం5 కాంపిటీషన్‌కు 625 హార్స్‌పవర్, వందకు 3.3 సెకన్లు. 2024లో వచ్చిన కొత్తదానికి 727 హార్స్‌పవర్, అయినా 3.5 సెకన్లు పడుతుంది. కారణం బరువు. బ్యాటరీ, మోటారు చేరి కొత్త బండి 2.4 టన్నులు దాటింది. పాతది దాదాపు 1.9 టన్నులు. అందుకే పవర్‌ను బరువుతో భాగించి చూడాలి: పాతదానికి టన్నుకు సుమారు 330, కొత్తదానికి సుమారు 300. ఇదే లెక్కలో ఆర్ఎస్ 245కు దాదాపు 170, ఎం340ఐకి దాదాపు 225 వస్తాయి. రెండింటి మధ్య తేడా నడిపితే తెలిసిపోతుంది. ఎం340ఐ నాలుగు చక్రాలకూ పవర్ ఇస్తుంది. ఆర్ఎస్ ముందు చక్రాలతోనే లాగుతుంది, కాబట్టి తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే స్టీరింగ్ కాస్త గుంజుతుంది.

మరి ఈ పవర్ మన దగ్గర ఎక్కడ వాడతాం? కేంద్రం 2018లో కార్లకు ప్రకటించిన గరిష్ఠ వేగాలు ఎక్స్‌ప్రెస్‌వే మీద 120, డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద 100, మిగతా రోడ్ల మీద 70. చిత్తూరు నుంచి తిరుపతికి హైవే ఎంత బాగున్నా వంద దాటకూడదు. చిత్తూరు జిల్లా మీదుగా పోయే బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వేను 120 వేగానికే డిజైన్ చేశారు. కాబట్టి 250 టాప్ స్పీడ్ అన్నది మనకు కాగితం మీదే. పనికొచ్చేది 60 నుంచి 100కు లాగే బలం, అంటే లారీని దాటే పికప్. అందులో ఆర్ఎస్ చాలినంత కన్నా ఎక్కువే. 160 హార్స్‌పవర్ హ్యుండాయ్ వెర్నా టర్బో కూడా ఈ పనికి తక్కువేం కాదు, కంపెనీ చెప్పే లెక్క వందకు 8.1 సెకన్లు.

బ్రేకు సంగతే అసలు పరీక్ష. వంద వేగంలో ఉండగా అడ్డం వచ్చినదాన్ని చూసి కాలు బ్రేకు మీద పడేలోపు, ఒక్క సెకనులో, బండి 28 మీటర్లు పోతుంది. ఆ తర్వాత మంచి టైర్లు, పొడి రోడ్డు ఉంటే ఆగడానికి ఇంకో 40 మీటర్లు. మొత్తం 68. అదే 120లో అయితే సుమారు 90 మీటర్లు. వేగం ఐదో వంతు పెరిగితే బ్రేకు పట్టే దూరం దాదాపు సగం పెరుగుతుంది. అది ఆర్ఎస్ అయినా ఎం5 అయినా లెక్క ఒకటే.

పలమనేరు నుంచి చిత్తూరు వైపు దిగేటప్పుడు మొగిలి ఘాట్ వస్తుంది. 2024 సెప్టెంబరులో ఆర్టీసీ బస్సు ప్రమాదం జరిగింది అక్కడే. తిరుపతి–మదనపల్లె దారిలోని భాకరాపేట ఘాట్‌లో 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న వాళ్ల బస్సు లోయలో పడింది. ఇలాంటి దిగుడులో ఆటోమేటిక్ బండిని డీలో పెట్టి బ్రేకు తొక్కుతూ వస్తే బ్రేకులు కాగి పట్టు తగ్గుతుంది. మాన్యువల్ మోడ్‌లో రెండో మూడో గేరు వేసుకుని ఇంజన్‌తోనే వేగం ఆపుకోవాలి. సీల్‌లో మోటారే కొంత బ్రేకు పని చేస్తుంది, కానీ దాని బరువు రెండు టన్నుల పైమాటే. బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, వేడికి మరుగుతుంది. రెండేళ్లకోసారి మార్చాలి. సెకండ్ హ్యాండ్ బండ్లలో ఎక్కువ మంది వదిలేసేది ఇదే.

నా లెక్కలో మన ఇళ్లకు ఒక్కటే బండి అయితే ఆర్ఎస్ చాలు. డిక్కీ పెద్దది, వెనక సీట్లో పెద్దవాళ్లు సుఖంగా కూర్చుంటారు. ఎం340ఐ నడిపేవాడికి దానికన్నా ఆనందం, కానీ ఊళ్లలోని స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఐదుగురితో జాగ్రత్త. రెండు కోట్ల బండ్లు ఈ రోడ్లకు దండగ.

బెంగళూరు నుంచి పాతది తెచ్చుకుంటే ఫారం 28తో అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ తీసుకోవాలి. ఏడాది దాటి ఇక్కడే ఉంచితే ఏపీ నంబరు, ఇక్కడి లైఫ్ ట్యాక్సు తప్పవు. బేరం ఆడే ముందే ఆ ఖర్చు కలుపుకోండి. రీమ్యాప్ చేయించారా అని సూటిగా అడగండి. కంపెనీ ఇచ్చిన తీరును మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందకు వస్తుంది, క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెడతారు. టైరు పక్కన నాలుగంకెలు చూడండి: 2322 అంటే 2022లో 23వ వారం. ఐదారేళ్లు దాటినవి ఎంత కొత్తగా కనబడినా మార్పించుకోండి. పాత యజమాని ఖర్చు తగ్గించుకోవడానికి తక్కువ స్పీడ్ రేటింగ్ టైర్లు వేసి ఉండొచ్చు. పక్కన వీ అని ఉంటే 240 దాకా, డబ్ల్యూ ఉంటే 270, వై ఉంటే 300.

పద్దెనిమిది నిండని పిల్లల చేతికి తాళం ఇస్తే సెక్షన్ 199ఏ కింద తండ్రికే మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. కుర్రాడికి నిజంగా వేగం చూడాలనుంటే శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల రేస్ ట్రాక్ ఉంది. అక్కడ ట్రాక్ డేలు పెడుతుంటారు. హెల్మెట్, మంచి బ్రేకు ప్యాడ్లు తీసుకుని పోవాలి. ఎదురుగా లారీ రాదు, కుక్క అడ్డం పడదు.