రాయచూరు అంతర్వేదిలో ద్రాక్షాసవము

ఉగాది సంచికలో ద్రాక్షాసవమును గూర్చిన వ్యాసమేమిటని మన పెద్దలు కొందరు నొసలు చిట్లించవచ్చును. మేమును వ్రాయుటకు ముందు కొంత సంకోచించినాము. కాని మనము ఇండ్లు కట్టుకొని, పొలములు చేసికొని, పిల్లలను పెంచుకొనుచున్న ఈ సీమ చరిత్రలో ఒక మధుపాత్రకు చిన్నది కాని స్థానము కలదు. ఆ సంగతి మన పిల్లలలో చాలమందికి తెలియదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ అంతర్వేదిని వారు ‘క్యాంపు’ అనియే ఎరుగుదురు గాని, దీనికొరకు ఎన్ని తరములవారు పోరాడినారో ఎరుగరు. అందుచేత మేము ఒక దినము చూచి వచ్చిన విశేషములను, ఆ దారిలో జ్ఞాపకమునకు వచ్చిన చరిత్రను ఇక్కడ మనవి చేయుచున్నాము.

మనవారు ఇక్కడికి వచ్చిన కథ అందరికిని తెలిసినదే. తుంగభద్ర జలాశయము నుండి 1953లో నీరు విడుదలైన తరువాత, ఎడమగట్టు కాలువ క్రింద సింధనూరు, మాన్వి, గంగావతి తాలూకాలలో గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు భూములు కొని, గుడిసెలు వేసికొని, క్యాంపులు వెలయించినారు. ఆనాటికి రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రములో ఉండెడిది. 1956 నవంబరు 1వ తేదీన అది మైసూరు రాష్ట్రములో చేరినది. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటక అయినది. గంగావతి, కుష్టగి, కొప్పళ తాలూకాలు కూడ ఒకప్పుడు రాయచూరు జిల్లాలోనివే. 1997లో అవి కొప్పళ జిల్లాగా వేరుపడినవి.

ఆ కుష్టగి తాలూకాలో హనుమనాళ గ్రామము చెంత క్రిస్మా ఎస్టేట్సు అను ద్రాక్షతోట, ఆసవశాల ఉన్నవి. ఈ శతాబ్దములో వానిని స్థాపించినవారు హైదరాబాదు పారిశ్రామికులు చిగురుపాటి కృష్ణప్రసాదు, ఉమ దంపతులు. ఆ ఇద్దరి పేర్ల ముక్కలు కలిపినదే ఆ తోట పేరు. వరి పండించుటకు ఈ సీమకు వచ్చిన తెలుగువారిని మనము ఎరుగుదుము. ద్రాక్ష పండించుటకు వచ్చిన తెలుగువారి తోటను కూడ చూడవలెనని మాకు కోరిక పుట్టినది. ముందుగా అనుమతి తీసికొని, కోతలు ముగియు రోజులలో మూడు కుటుంబముల వారము సింధనూరు ప్రక్క మా క్యాంపు నుండి తెల్లవారుజామున బయలుదేరినాము. మా పెదనాన్నగారు కూడ వెంట వచ్చినారు. చిన్నతనమున తండ్రి చేయి పట్టుకొని పశ్చిమ గోదావరి నుండి వచ్చినవారాయన. మద్యము ముట్టరు. “పంట చూడడానికి వస్తానురా, తాగడానికి కాదు” అని బండి ఎక్కకముందే చెప్పినారు.

తావరగేర దాటిన తరువాత కాలువ పచ్చదనము వెనుకబడినది. ఎర్రనేల, నల్లరాతి గుట్టలు, అక్కడక్కడ జొన్న, కంది చేలు. ఇట్టిచోట ద్రాక్ష ఎట్లు పండునని పిల్లలు అడిగినారు. తోట చేరిన తరువాత జవాబు తెలిసినది. తీగలు పందిళ్ళపై గాక, వరుసలుగా కట్టిన ఇనుపతీగలకు ప్రాకించి ఉన్నవి. కాబెర్నే సావిన్యోన్, సాంజొవేజె మొదలగు ఐరోపా జాతులవి. గింజ చిన్నది, తోలు మందము, లోపల విత్తనములు. మనము హైదరాబాదు ప్రాంతమున తినెడి అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకును దీనికిని పోలిక లేదు. నీరు బొట్టు బొట్టుగా మాత్రమే ఇత్తురు. నీరు ఎక్కువైనచో గింజ ఉబ్బి రసము పలుచబడును. రాళ్ళ నేలలో వేరు లోతునకు దిగి కష్టపడినకొలది పండులో సారము చిక్కబడును. ఇది విని పెదనాన్నగారు పిడికెడు మట్టి తీసి నలిపి చూచి, “మన వరికి మడి నిండాలి, దీనికి దప్పి ఉండాలి. పంటకో పద్ధతి” అన్నారు.

మరియొక విశేషము. చలిదేశములలో ద్రాక్షతీగ హేమంతమున ఆకు రాల్చి నిద్రపోవును. మన దక్కనులో అట్టి చలి లేదు గనుక తీగకు నిద్ర లేదు. దానంతట దానిని విడిచినచో ఏడాదికి రెండు కాపులు కాయగలదు. అందుచేత ఇక్కడి రైతులు వేసవిలో ఒకసారి, వానలు వెనుకబట్టిన తరువాత ఒకసారి కత్తిరింపులు చేసి, ఒక్క కాపునే నిలుపుకొని, చలికాలము చివర నుండి వేసవి మొదటివరకు కోయుదురు. 14వ శతాబ్దమున ఈ దేశము తిరిగిన ఇబ్న్ బటూటా, దౌలతాబాదులో ద్రాక్ష, దానిమ్మ ఏడాదికి రెండుసార్లు కాయునని వ్రాసినాడు. కృష్ణదేవరాయల కాలమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ అచ్చటి అంగళ్ళలో ద్రాక్షపండ్లు చౌకగా అమ్ముడగుచుండెనని చెప్పినాడు. కాబట్టి తీగ జాతులు క్రొత్తవైనను, ద్రాక్ష ఈ సీమకు క్రొత్తది కాదు.

పిమ్మట ఆసవశాలకు పోయినాము. ఆసవము తయారగు విధము వినుటకు తేలిక, చేయుటకు కష్టము. ఎర్రద్రాక్షను పిండినను రసము ఇంచుమించు తెల్లగనే వచ్చును. ఎరుపంతయు తోలులోనే ఉండును. అందుచేత ఎర్ర వైనుకు రసమును తోలుతోనే పులియబెట్టుదురు. తెల్ల వైనుకు ముందే తోలు తీసివేయుదురు. ఈస్టు అను సూక్ష్మజీవి రసములోని చక్కెరను తిని, దానిని ఆల్కహాలుగను బొగ్గుపులుసు వాయువుగను మార్చును. మన ఇంట ఇడ్లీ పిండి పొంగుటకును ఇట్టి పులియుటయే కారణము. పులియునప్పుడు వేడి పుట్టును. ఆ వేడి మితిమీరకుండ చూచుకొనుట పెద్ద పని. తరువాత కొన్ని రకములను ఓకు కొయ్య పీపాలలో నెలల తరబడి నిలువయుంచుదురు. కొయ్య సందుల నుండి కొద్దికొద్దిగా సోకు గాలికి వగరు మెత్తబడి, కొయ్య వాసన ఆసవమునకు పట్టును.

మధ్యాహ్నము రుచి చూచుట జరిగినది. గ్లాసులో రెండు గుక్కలు మాత్రమే పోయుదురు. ముందు వెలుతురులో రంగు చూడవలెను; గ్లాసు త్రిప్పి వాసన పీల్చవలెను; పిమ్మట ఒక గుక్క నోట నిలిపి, నాలుక అంచులకు పులుపు, చిగుళ్ళకు వగరు తగులుట గమనింపవలెను. మ్రింగనక్కరలేదు, ఉమ్మివేయుటకు పాత్ర ఉండును. అది మర్యాదలోని భాగమే. మాలో కొందరము రుచి చూచినాము, కొందరు వాసనతో సరిపెట్టినారు, పిల్లలకు మేము తెచ్చిన నిమ్మరసము ఇచ్చినాము. తెల్లదానిలో పులుపు ముందు నిలిచినది. ఎర్రదానిలో నేరేడుపండు తిన్నప్పటి వగరు చాలసేపు నాలుకను వదలలేదు. పులుపు, వగరు వేరుచేసి గుర్తించుట ఉగాది పచ్చడి తిన్న నాలుకకు క్రొత్త విద్య కాదు గదా.

పెదనాన్నగారు గ్లాసు ముక్కు దగ్గరకు తెచ్చుకొని దింపివేసినారు. ఆయన పట్టుదల అజ్ఞానము వలన వచ్చినది కాదు. సారా వలన సంసారములు కూలుట కన్నులార చూచిన తరము వారిది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడగా ఆ ఉద్యమము రాష్ట్రమంతట ప్రాకినది. 1995లో ఆంధ్రప్రదేశములో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలినది. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఇంత శ్రద్ధగా చేసిన వస్తువే. అయినా మనిషిని చెడగొట్టేది ఇదా, లేక మనిషే చెడి దీని మీద నేరం వేస్తాడా?”

ఆ ప్రశ్నకు మేము అక్కడ బదులు చెప్పలేదు. తిరుగు ప్రయాణములో ముదుగల్లు కోట దగ్గర ఆగి, బురుజుల నీడలో కూర్చుండి, పిల్లలను చుట్టు చేర్చుకొని 1520 నాటి రాయచూరు యుద్ధము కథ చెప్పినాము.

రాయచూరు, ముదుగల్లు ఈ అంతర్వేదికి రెండు తాళములవంటి కోటలు. రాయచూరు కోట గోడలో 41 అడుగులకు పైబడిన ఒంటి రాతిపై 1294 నాటి శాసనము కలదు. అది కాకతీయ ప్రతాపరుద్రుని కాలము. తరువాత బహమనీలు, విజయనగర రాయలు ఈ సీమకొరకు తరతరములు పోరాడినారు. 1520లో కృష్ణదేవరాయలు పెద్ద సైన్యముతో రాయచూరును ముట్టడింపగా, బిజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షా కోటను కాపాడుటకు కృష్ణ ఒడ్డునకు వచ్చినాడు.

అప్పుడు జరిగినదానిని బిజాపూరు కొలువులో ఉండి 17వ శతాబ్దారంభమున చరిత్ర వ్రాసిన ఫెరిష్తా ఇట్లు చెప్పినాడు. నది దాటుటకు తెప్పలు ఇంకను కావలసినన్ని సిద్ధము కాలేదు. డేరాలో విశ్రమించిన సుల్తాను ఎవరో చదివిన పద్యము విని ఉల్లాసపడి, పానగోష్ఠి ఏర్పాటు చేయించినాడు. ఆ గోష్ఠి సాగి సాగి, మత్తు తలకెక్కిన తరువాత అప్పటికప్పుడు నది దాటవలెనని బుద్ధి పుట్టినది. సేనానులు వలదన్నారు. ఆయన బదులు పలుకక తన ఏనుగును నదిలోనికి తోలినాడు. సుమారు 250 ఏనుగులపై కొందరు, తెప్పలపై కొందరు వెంటబడినారు. ఆవలి ఒడ్డున రాయల సేన వారిని చిత్తుచేసినది. వెనుకకు మరలినవారిలో చాలమందిని కృష్ణ మింగినది. సుల్తాను ఏనుగుపై ప్రాణములతో బయటపడినాడు. రాయచూరు, ముదుగల్లు తిరిగి తన చేతికి వచ్చువరకు మధువు ముట్టనని ఒట్టు పెట్టుకొన్నాడు.

ఈ యుద్ధమునే విజయనగరమున ఉండిన పోర్చుగీసు గుర్రపు వర్తకుడు ఫెర్నావు నూనిజ్ 1535 ప్రాంతమున వేరుగా వర్ణించినాడు. అతని కథలో మధుపాత్ర ప్రసక్తి లేదు. సుల్తాను పెద్ద సేనతో, ఫిరంగులతో నది దాటినాడు. ఫిరంగుల దెబ్బకు రాయల ముందు వరుసలు చెదరినవి. అప్పుడు రాయలు స్వయముగా గుర్రమెక్కి తన వారిని మరల్చి గెలిచినాడు. పిమ్మట కోట ముట్టడిలో క్రిస్టొవావు ద ఫిగెరెదొ అను పోర్చుగీసువాడు తన తుపాకిదళముతో తోడ్పడగా రాయచూరు స్వాధీనమైనది. రాబర్ట్ సెవెల్ ఈ యుద్ధము తేదీని 1520 మే 19గా నిర్ణయించినాడు.

ఇద్దరిలో ఎవరిది నిజము? నూనిజ్ సంఘటనకు దగ్గరివాడు. ఫెరిష్తా ఓడిన వంశము కొలువులోనివాడు. రాజు తెలివితక్కువగా యుద్ధము చేసినాడనుటకంటె, మధువు చేయించినదనుట కొలువువారికి సులభము. మా పెదనాన్నగారి ప్రశ్నకు చరిత్ర ఇచ్చు జవాబు ఇదియేమో. నది లోతు సుల్తానుకు తెలియును; తెప్పలు చాలవనియు తెలియును; వలదన్నవారును ఉన్నారు. పాత్ర చేతిలోనే ఉన్నది గాని, ఏనుగును తోలినవాడు మనిషి.

కథ అంతటితో ముగిసినచో మనకు సంతోషమే. గెలిచినవాడు ఆముక్తమాల్యద వ్రాసిన మన రాయలు గదా. కాని నూనిజ్ తరువాత చెప్పినది కూడ పిల్లలకు దాచక చెప్పినాము. సుల్తాను రాయబారి వచ్చి సంధి కోరగా, సుల్తాను స్వయముగా వచ్చి తన పాదము ముద్దిడినచో పట్టుకొన్నవన్నియు తిరిగి ఇత్తునని రాయలు కబురు పంపినాడు. ఆ సమావేశమునకై ఈ ముదుగల్లుకే వచ్చి వేచినాడు. సుల్తాను రాలేదు. రాయలు కోపించి బిజాపూరు వరకు నడచినాడు; ఆ నగరమునకు చాల నష్టము కలిగినది. 1529లో రాయలు గతించినాడు. వెంటనే ఇస్మాయిల్ రాయచూరును ముదుగల్లును తిరిగి పట్టుకొని, ఒట్టు తీరినదని విందుచేసి మరల మధువు పుచ్చుకొన్నాడని ఫెరిష్తా వ్రాసినాడు. అటుపిమ్మట 35 ఏండ్లకు, 1565లో, దక్కను సుల్తానులు ఏకమై తళ్ళికోట యుద్ధమున విజయనగరమును కూలద్రోసినారు. ఆ ఐక్యతకు రాయచూరు విజయము తరువాతి అహంకారము ఒక బీజమని సెవెల్ 1900లో ప్రకటించిన తన గ్రంథములో అభిప్రాయపడినాడు. కారణములు మరెన్నియో ఉన్నను, ఆ మాట త్రోసివేయదగినది కాదు. ఓడినవాడు తన మత్తును గుర్తించి పదేండ్లు దానికి దూరముగా ఉన్నాడు. గెలిచినవానికి తన మత్తు మత్తని తోచలేదు.

పిల్లలు కొంతసేపు ఏమియు మాటలాడలేదు. మా పెద్దబ్బాయి మాత్రము “అయితే రాయలవారిది తప్పా?” అని అడిగినాడు. పెదనాన్నగారు వాని తల నిమిరి, “గొప్పవాడేరా. గొప్పవాడికీ పచ్చడిలో చేదు ఉంటుంది” అన్నారు.

లింగసుగూరు మీదుగా వచ్చుచుండగా చీకటిపడు వేళకు మస్కి చేరినాము. ఇచ్చటి కొండరాతిపై 1915లో కనుగొన్న శాసనములోనే అశోకుని పేరు మొదటిసారి స్పష్టముగా కనబడినది. ధర్మఫలము గొప్పవారికే గాక అల్పునకు కూడ దొరకునని ఆ శాసనము చెప్పుచున్నది. రాజుల కోటలు చూచి వచ్చిన మాకు ఆ మాట కొంత ఊరట అయినది.

ఎందుకనగా, మన క్యాంపులలో కూడ ఒక మాట తరచు వినబడును: “మనం రాకపోతే ఈ నేల ఇట్లా ఉండేదా?” అని. మనవారి కష్టము నిజమే. దానిని తక్కువ చేయుట లేదు. కాని కాలువ ప్రభుత్వము త్రవ్వినది, నేల ఇక్కడివారిది, మొదటి ఏండ్లలో నిలువ నీడ, తాగ నీరు ఇచ్చినది కన్నడ ఇరుగుపొరుగువారు. మడిలో నాట్లు వేసినవారిలోను, కలుపు తీసినవారిలోను వారే ఎక్కువ. ఆ సంగతి మరచి మాటలాడునప్పుడు మనమును గ్లాసు ముట్టకయే మత్తులో ఉన్నట్లు.

ఈ ఉగాదికి ప్రతి ఇంటివారికి మా మనవి ఒక్కటే. ఒక సెలవు దినమున పిల్లలను వెంటబెట్టుకొని రాయచూరు, ముదుగల్లు, మస్కి చూపించి రండు. ద్రాక్షతోట చూడగోరువారు అదియును చూడుడు. రుచి చూచుటయు చూడకపోవుటయు మీ మీ ఇష్టము. పండుగనాడు మన ఉగాది పచ్చడి ముందు పొరుగింటి కన్నడ తల్లికి ఇచ్చి, ఆమె పెట్టు బేవు-బెల్లమును అందుకొనుడు. అందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు.