హైదరాబాద్‌లో నెలల తరబడి ఉండాల్సి వస్తే: ఆదిలాబాద్ కుటుంబాలకు హోటళ్ల పరిచయం

ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 300 కిలోమీటర్లు. రిమ్స్‌లో డాక్టర్ గారు "పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అని రాసిచ్చిన రోజు ఇంటిల్లిపాదీ బస్సు, గది, మందులు, అప్పు గురించి మాట్లాడుకుంటారు. తిండి సంగతి ఎవరికీ గుర్తురాదు. రేడియేషన్ అంటే వారాలు, కీమో అంటే నెలలు. పిల్లల కోచింగ్ కోసం వచ్చేవారికైతే ఏడాది. మొదటి వారం బిర్యానీతో హుషారుగా గడుస్తుంది. రెండో వారానికి కడుపు మండుతుంది, జేబు తేలికవుతుంది. మూడో వారానికి పేషెంట్ పక్కన కూర్చునే మనిషి చాయ్ బిస్కెట్ల మీద రోజులు నెట్టడం మొదలుపెడతాడు. ఆడవాళ్లయితే అదీ సరిగ్గా తినరు. ఆ తర్వాత మంచం మీద ఒకరు కాదు, ఇద్దరు.

హైదరాబాద్‌ని బిర్యానీ నగరం అంటారు కానీ అది రెండు రోజులు చూసిపోయేవాళ్ల మాట. ఇక్కడ ఇరానీలు, యెమెన్ అరబ్బులు, సింధీలు, ఉడిపివారు ఎవరి వంట వాళ్లు తెచ్చుకున్నారు. ఏ పేటలో, ఏ పూట, ఏది దొరుకుతుందో తెలిస్తే తక్కువ ఖర్చుతో, హలాల్‌గా, కడుపు చెడకుండా నెలలు గడపవచ్చు. దిగువన ఉన్నది ఆ వివరమే.

రెడ్‌హిల్స్, లక్డీకాపూల్

మన జిల్లా వాళ్లు ఎక్కువగా మకాం పెట్టేది ఈ చుట్టుపక్కలే. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, పిల్లల ఆసుపత్రి నిలోఫర్ రెండూ ఇక్కడే ఉన్నాయి. నిలోఫర్ ఆసుపత్రి 1953లో తెరుచుకుంది. ప్రసవంలో తన సేవకురాలు చనిపోవడంతో తల్లీబిడ్డల కోసం ఆసుపత్రి కావాలని పట్టుబట్టిన నిజాం కోడలు, శెహజాదీ నిలోఫర్ పేరే దానికి పెట్టారు.

ఆ ఆసుపత్రి పేరుతోనే ఇక్కడ కేఫ్ నిలోఫర్ ఉంది. చాయ్, బన్ మస్కా, ఉస్మానియా బిస్కెట్లకు ఇప్పుడు నగరమంతా తెలిసిన పేరు. దాని యజమాని అనుముల బాబూరావు మన ఆదిలాబాద్ జిల్లా మనిషే. చిన్న వయసులో హైదరాబాద్ వచ్చి, హోటల్లో బల్లలు తుడిచే పనితో మొదలై, వెయిటర్‌గా చేసి, చివరికి పనిచేసిన ఆ కేఫ్‌కే యజమాని అయ్యారు. ఎంఎన్‌జే, నిలోఫర్ ఆసుపత్రుల దగ్గర పేషెంట్ల వెంట వచ్చినవాళ్లకు ఏళ్ల తరబడి ఉచితంగా తిండి పెట్టిస్తున్న సంగతి పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. ఈ పేటలో ఇలా తిండి పంచే దాతలు ఇంకా ఉన్నారు. మర్యాదస్తుల ఇంటివాళ్లం, వరుసలో ఎలా నిలబడతాం అని వెనకాడేవాళ్లను చూస్తుంటాం. ఆ డబ్బు పేషెంట్ పాలకు, పండ్లకు మిగిలితే అందులో తక్కువతనం ఏమీ లేదు.

అయిదు రూపాయల భోజనం కూడా ఉంది. జీహెచ్‌ఎంసీ 2014లో హరేకృష్ణ సంస్థతో కలిసి మొదలుపెట్టిన అన్నపూర్ణ కేంద్రాలకు 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లు అని పేరు మార్చి, పొద్దున టిఫిన్ కూడా చేర్చారు. అన్నం, పప్పు లేదా సాంబారు, కూర, పచ్చడి ఉంటాయి. అంతా శాకాహారమే కాబట్టి మాంసం గురించి సందేహం లేదు. మసాలా తక్కువ, మనవాళ్ల నాలుకకు చప్పగా అనిపిస్తుంది. కానీ వరసగా పది రోజులు తిన్నా కడుపు ఏమీ అనదు. పేషెంట్ల సహాయకులకు 18 ప్రభుత్వ ఆసుపత్రుల్లో అయిదు రూపాయల భోజనాన్ని ప్రభుత్వం 2022లో విడిగా ప్రారంభించింది. మీరున్న చోట ఏ పూట పెడుతున్నారో వార్డులో నర్సమ్మను అడిగితే సరిపోతుంది.

పొద్దున పూట

ఆదిలాబాద్‌లో పొద్దున జొన్నరొట్టెకో, ఉప్మాకో అలవాటు పడ్డవాళ్లకు పాతబస్తీ నాష్తా కొత్తగా ఉంటుంది. ఖిచిడీ, ఖీమా, ఖట్టా అక్కడి ముస్లిం ఇళ్ల అసలు నాష్తా. పసుపుపచ్చని మసూర్ ఖిచిడీ, పక్కన వేయించిన ఖీమా, నువ్వులు చింతపండుతో చేసిన పుల్లని ఖట్టా. ఒక ప్లేటు తింటే మధ్యాహ్నం రెండింటి దాకా ఆకలి వేయదు. పాతబస్తీ హోటళ్లలో, ఘాన్సీబజార్ దగ్గరి షాదాబ్ లాంటి చోట్ల, నహారీ కూడా పొద్దున్నే ఉంటుంది. రాత్రంతా ఉడికిన ఆ రసంలో కుల్చా ముంచుకుని తింటారు. పాయా కావాలంటే తెల్లారకముందే లేవాలి, ఎనిమిదిన్నర దాటితే అడుగున మిగిలినదే దక్కుతుంది. నాలుగు మూలల చార్‌కోని నాన్‌కు పురానీ హవేలీలో 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం పేరు పొందింది. నిజాం దఫ్తరులో మున్షీగా పనిచేసిన వ్యక్తి పెట్టాడు కనుక ఆ పేరు. రెండు నాన్లు కొనుక్కుని గదిలో వండిన దాల్చాతో తింటే నలుగురి కుటుంబానికి ఒక పూట గడుస్తుంది.

ఒక్క మాట. నహారీ, పాయా ఆరోగ్యంగా ఉన్నవాళ్ల తిండి. పేషెంట్‌కు బలం వస్తుందని క్యారేజీలో తీసుకెళ్తుంటారు. ముఖ్యంగా కీమో నడుస్తున్నవాళ్లకు బయటి వంట, కోసి ఉంచిన పండ్లు, పచ్చి చట్నీలు డాక్టర్‌ను అడగకుండా పెట్టకండి. ప్రేమతో తెచ్చినా ఇన్‌ఫెక్షన్ ఇన్‌ఫెక్షనే.

టిఫిన్ చాలనుకుంటే ఉడిపి హోటళ్లు ఉన్నాయి. అబిడ్స్‌లోని తాజ్‌మహల్ హోటల్ పేరు చూసి మొగలాయి వంటకం దొరుకుతుందనుకుని వెళ్లేవాళ్లు ఉంటారు. అది పూర్తి శాకాహార హోటల్, ఇడ్లీ దోసెలకు పేరు. హలాల్ ప్రశ్నే రాని చోటు కాబట్టి వృద్ధులతో వెళ్లడానికి నిశ్చింత.

ఇరానీ కేఫ్ సంగతి తెలిసిందే. ఇరాన్ నుంచి ముంబై, పుణే మీదుగా వచ్చినవాళ్లు 20వ శతాబ్దం మొదట్లో వీటిని పెట్టారు. అబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది. డికాక్షన్ మూతపెట్టిన పాత్రలో గంటలకొద్దీ మగ్గుతుంది, పాలు వేరే గిన్నెలో చిక్కబడతాయి, రెండూ కప్పులోనే కలుస్తాయి. చార్మినార్ పక్కన మక్కా మస్జిద్‌కు దగ్గర్లో నిమ్రా కేఫ్ ఉంది, ఫజర్ నమాజ్ తర్వాత వెళ్తే రద్దీ తక్కువ. ఉస్మానియా బిస్కెట్‌కు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు వచ్చింది. ఉస్మానియా ఆసుపత్రి రోగుల కోసమే మొదట తయారుచేశారని కూడా చెప్పుకుంటారు.

మండీ, హలీమ్

బార్కస్ అనే మాట బ్యారక్స్ నుంచి వచ్చింది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు అక్కడ ఉంటారు. పెద్ద పళ్లెంలో అన్నం, దాని మీద మాంసం పెట్టి నలుగురూ ఒకే పళ్లెంలో తినే మండీ నగరంలో అక్కడి నుంచే ప్రాచుర్యంలోకి వచ్చింది. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లో కూడా మండీ బోర్డులు కనిపిస్తున్నాయి. బిర్యానీతో పోలిస్తే కారం, మసాలా తక్కువ, అందుకే పిల్లలు ఇష్టంగా తింటారు. నా మటుకు వరసగా వారం బిర్యానీ తిన్నవాళ్లకు మండీయే మేలు. అయితే దాంతో ఇచ్చే మయోనైజ్ జోలికి పోకండి. పచ్చిగుడ్డుతో చేసిన మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాదిపాటు నిషేధించింది. బంజారాహిల్స్ వైపు మోమోలు తిని జబ్బుపడి ఒక మహిళ మరణించాక తీసుకున్న నిర్ణయం అది. షవర్మా బండి దగ్గర పిల్లలు మారాం చేసినా ఈ విషయంలో గట్టిగా ఉండాలి.

టోలీచౌకీ పారామౌంట్ కాలనీలో విదేశీ విద్యార్థుల కోసం వెలసిన యెమెనీ, ఆఫ్రికన్ హోటళ్లు కూడా ఉన్నాయి. ఒక సెలవు రోజు సరదాకు వెళ్లవచ్చు, రోజూ వెళ్లేవి కావు.

హలీమ్ కూడా అరబ్బుల హరీస్ నుంచి ఇక్కడి మసాలాలతో మారిన వంటకమే. 2010లో హైదరాబాదీ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రమజాన్‌లో మకాం పడితే హోటళ్ల వేళలన్నీ తారుమారవుతాయి. ముస్లిం హోటళ్లు చాలావరకు పగలు మూసో, పరదా కట్టో ఉంటాయి, అస్ర్ నుంచి హలీమ్ భట్టీల దగ్గర సందడి మొదలై సహెరీ దాకా సాగుతుంది. కాబట్టి రోజా లేని పేషెంట్‌కు మధ్యాహ్నం తిండి ఏర్పాటు ముందే చూసుకోవాలి. ఉడిపి హోటల్, ఆసుపత్రి క్యాంటీన్ ఎక్కడున్నాయో తెలుసుకుని ఉంచుకోండి.

హలాల్, శుభ్రత, బిల్లు

ముస్లింలు నడిపే హోటళ్లలో సాధారణంగా అడగాల్సిన పని ఉండదు. మిగతా చోట్ల మాంసం ఎక్కడి నుంచి వస్తుందని మొహమాటపడకుండా అడగండి, సరైన హోటల్ వాళ్లు చెబుతారు. జవాబు తేలకపోతే గుడ్డు, చేప, శాకాహారంతో సరిపెట్టుకోవచ్చు. కొన్ని చోట్ల "ఫ్యామిలీ రెస్టారెంట్" అనే పెద్ద అక్షరాల కింద "బార్" అని చిన్నగా ఉంటుంది, లోపలికి వెళ్లేముందు బోర్డు పూర్తిగా చదవండి. పాత హోటళ్లలో కుటుంబాలకు వేరే గది చాలావరకు మేడ మీద ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మీజాన్‌ను తీసుకెళ్లేటప్పుడు లిఫ్ట్ ఉందా అని కనుక్కోవాలి.

పేరు పెద్దదైనంత మాత్రాన వంటిల్లు శుభ్రంగా ఉంటుందని లేదు. 2024లో ఆహార భద్రతా విభాగం చేసిన తనిఖీల్లో పేరున్న చోట్ల కూడా లోపాలు బయటపడ్డాయి. గోడ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి. అంతకన్నా మంచి గుర్తు జనం కదలిక. మధ్యాహ్నం ఒంటిగంటకు కిటకిటలాడే హోటల్లో పొద్దున్నటి కూర సాయంత్రం దాకా మిగలదు. బిల్లులో సర్వీస్ ఛార్జీ వేస్తే వద్దని చెప్పే హక్కు మీకుంది, అది తప్పనిసరి కాదు.

సింగిల్ బిర్యానీ చాలా హోటళ్లలో ఇద్దరికి సరిపోతుంది. అన్నం అదనంగా అడగడంలో సిగ్గుపడాల్సింది లేదు. ప్యారడైజ్ లాంటి పెద్ద పేర్లకు ఒకసారి వెళ్లి రండి. 1953లో సికింద్రాబాద్‌లో సినిమా హాలు పక్కన చిన్న కేఫ్‌గా మొదలైన కథ అది. కానీ నెల బడ్జెట్‌లో అలాంటివి ఒకటి రెండే ఉండాలి. గదిలో చిన్న స్టవ్‌కు అనుమతి ఉంటే ఒక పూట అన్నం, పప్పు మీరే వండుకుని, ఒక పూట బయట తినడం అన్నిటికన్నా చవక. సాయంత్రం వీధి మలుపుల్లో జొన్నరొట్టెలు కాల్చి అమ్మే ఆడవాళ్లు నగరమంతా ఉన్నారు. మన వైపు రుచి అంటే అదే, రెండు రొట్టెలు కొని గదిలో కూర వండుకుంటే చాలు.

మహాలక్ష్మి పథకం వచ్చాక 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ చూపించి రెడ్‌హిల్స్ నుంచి చార్మినార్ వైపు పోయి రావచ్చు. మెట్రో రైలులో అయితే లక్డీకాపూల్, నాంపల్లి స్టేషన్లు దగ్గర.

తిరుగు ప్రయాణంలో బిర్యానీ పార్సిల్ కట్టించుకోవద్దు, ఎండాకాలమైతే ఆదిలాబాద్ చేరేలోపు పాడవుతుంది. సికింద్రాబాద్‌లో రైలు అందుకునేవాళ్లకు స్టేషన్ ఎదురుగానే ఆల్ఫా హోటల్ ఉంది, అక్కడే తిని రైలెక్కడం మంచిది. ఇంటికి తీసుకెళ్లడానికి ఉస్మానియా బిస్కెట్లు, లేదంటే దేశవిభజన తర్వాత వచ్చిన ఒక సింధీ వ్యాపారి 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టిన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లు తీసుకోండి. డబ్బా తెరవకపోతే వారాల పాటు నిల్వ ఉంటాయి.