అక్షరదానము – విద్యార్థుల సేవ

మన తాతలలో పెక్కుమందికి వ్రేలిముద్రయే సంతకము. 1947 నాటి రాజ్యాంగము మారిషసు ద్వీపమున వాడుకలోనున్న తెలుగు మొదలగు భాషలలో దేనినైన చదువను వ్రాయను నేర్చినవారికి వోటుహక్కు నొసగెను. లాహోరు, కలకత్తాలలో ఉన్నతవిద్య నభ్యసించి 1939లో తిరిగివచ్చిన వాసుదేవ విష్ణుదయాళుగారును, వారి స్వచ్ఛంద సేవకులును, పగలెల్ల చెఱకు నఱికిన చేతులచే రాత్రులయందు అక్షరములు దిద్దించిరి. ఎవ్వరును వేతనము గోరలేదు. ఆ కృషియు తోడుకాగా, సుమారు 12,000గా నున్న వోటర్ల సంఖ్య 1948 ఎన్నికలనాటికి 70,000 దాటెను.

1965లో నెలకొనిన మారిషసు విశ్వవిద్యాలయమున నేడు మన బిడ్డలు చదువుచున్నారు. వారు వారమున కొక సాయంకాలము ఆలయమునకు వచ్చి, చిన్నపిల్లలకు పాఠములు చెప్పవలెనని, వృద్ధులకు దరఖాస్తులు వ్రాసిపెట్టవలెనని మేము కోరుచున్నాము. నాడు మనకు అక్షరము నేర్పినవారి ఋణము నేడిట్లు తీరును.